అదే నేనన్నది

మా ఇంట్లో నా నోటికి పెద్ద పేరు. గోడతో వాదించమన్నా వాదిస్తానని, కాసేపటికి గోడే తప్పుకుంటుందని అత్త అంటుంది. అందుకే డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నన్ను ఆనర్స్ సెమినార్‌కి ఎంపిక చేశారని చెప్పినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"ఇన్నాళ్ళూ ఊరికే అరిచేదానివి. ఇక మార్కులు వేయించుకుని అరుస్తావన్నమాట" అంది అమ్మ, డ్యూటీ బూట్లు విప్పుకుంటూ. అమ్మ ఆసుపత్రిలో నర్సు.

ఆ చలికాలం నేను మర్చిపోలేనిది. ఒకవైపు కాలేజీలో ఎలా వాదించాలో నేర్పుతున్నారు. ఇంకోవైపు మా బేకరీ రెండు ముక్కలయ్యేలా ఉంది.

కింద బేకరీ, పైన ఇల్లు. పొయ్యి దగ్గర నాన్న, కౌంటర్ దగ్గర అత్త. అత్త అంటే నాన్నకి సొంత అక్క, నేను పుట్టకముందు నుంచీ మాతోనే ఉంటోంది. కొట్టు ఎంత ఇరుకంటే నాన్న ట్రే పట్టుకుని వెనక్కి తిరిగితే అత్త మోచేయి తగలాల్సిందే. నాన్న రొట్టె చేస్తే వీధి చివరి వరకూ వాసన. అదే అత్త చేస్తే ఆ రొట్టె ఇటుకతో పోటీ పడుతుంది. అత్త కౌంటర్లో ఉంటే ఒక బన్ను కోసం వచ్చినవాళ్ళు సంచి నింపుకుని పోతారు. అదే నాన్న నిలబడితే, ఆయన మొహం చూసి, ఏదో తప్పు చేసినట్టు "మళ్ళీ వస్తామండీ" అని వెళ్ళిపోతారు. ఒకరు లేకపోతే ఇంకొకరి వల్ల పైసా పని కాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, వాళ్ళిద్దరికి తప్ప.

రైల్వే స్టేషన్ ఎదురుగా ఒక పెద్ద షాపు ఖాళీ అయింది. ముందు అద్దాల గది, వెనక పొయ్యి కట్టుకోవడానికి ఇంకో గది. అత్త వెళ్ళి చూసి వచ్చి, అక్కడికి మారిపోదాం అంది. నాన్న వద్దన్నాడు. ఎందుకని అడిగితే "వద్దంటే వద్దు" అన్నాడు. నాన్నకి అది పూర్తి వాక్యం.

"సరే. చలికాలం అయ్యేలోపు ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు ఓనరు. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తా. పైన గది కూడా ఉంది, అక్కడే ఉంటా. నీ పొయ్యి నువ్వు కౌగిలించుకుని కూర్చో" అంది అత్త.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మోచేతులు మాత్రం ఎప్పటిలాగే తగులుతూ ఉండేవి.

సెమినార్ గది లైబ్రరీ వెనక ఉండేది. ఒకటే పొడుగాటి బల్ల, చుట్టూ ఒకదానితో ఒకటి పోలిక లేని కుర్చీలు. కిటికీ రెక్క ఒకటి మూసుకోదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి దాని పక్క కుర్చీ శిక్ష. మేడం సన్నగా, మెల్లగా మాట్లాడేవారు. ఆవిడ మాట వినాలంటే మేం నోరు మూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే అందుకే అలా మాట్లాడేవారేమో.

"ఇక్కడ రూలు ఒకటే" అన్నారు మొదటిరోజు. "ఎవరి మాటనైనా కాదనే ముందు, ఆ మాటని మీరు తిరిగి చెప్పాలి. అది విని అవతలివాళ్ళు 'అదే నేనన్నది' అనాలి. అన్నాకే మీ వంతు. అనకపోతే మళ్ళీ చెప్పండి."

ఇదేం రూలు, పిల్లలాట అనుకున్నాను. ఆ ఏడాది సెమినార్ అంశం 'మాట ఇవ్వడం'. చదవమని ఇచ్చిన పాత కథలో ఒకడు, చనిపోతున్న స్నేహితుడికి మాటిచ్చి ఒక బావికి కాపలా ఉంటాడు. బావి ఎండిపోయాక కూడా అక్కడే కూర్చుంటాడు. వాడి పని సరైనదేనా అని చర్చ.

నా ఎదురుగా కూర్చున్న కుర్రాడికి ప్రతిదీ అనుమానమే. అతనికి అప్పటికే సందేహం అని పేరు పెట్టేశాం. అతనన్నాడు, "వాడేం పిచ్చివాడు కాదు. వాడు మాటిచ్చింది బావికి కాదు, స్నేహితుడికి."

నా నాలుక దురద పెట్టింది. "అభ్యంతరం" అన్నాను.

"ముందు అతనన్నది చెప్పు" అన్నారు మేడం.

"నీళ్ళు లేకపోయినా బావి బావే అంటున్నాడు."

"కాదు" అన్నాడు సందేహం.

"మాటిస్తే బుర్ర పనిచేయకూడదంటున్నాడు."

"కాదు."

"చచ్చిపోయినవాళ్ళకి బతికున్నవాళ్ళు బానిసలంటున్నాడు."

"ఇది అస్సలు కాదు" అన్నాడు, ఈసారి కొంచెం నొచ్చుకుని. ఇంతలో గంట కొట్టారు. నా అభ్యంతరం నాలోనే ఉండిపోయింది. మింగలేక కక్కలేక ఇంటికొచ్చాను. మర్నాటి నుంచి నా పేరు అభ్యంతరం అయింది.

ఇంటికొస్తే అక్కడ ఇంకో ఉద్యోగం. అత్త కౌంటర్ దగ్గర నుంచి, "మీ నాన్నకి చెప్పవే, బన్నులు అయిపోయాయని" అనేది. నాన్న చేయి చాపితే అందేంత దూరంలో ఉండేవాడు.

"నాన్నా, బన్నులు అయిపోయాయట."

"వస్తున్నాయని చెప్పు."

"అత్తా, వస్తున్నాయట."

"ఎప్పటికని అడుగు."

"పొయ్యిని అడగమను."

కొనడానికి వచ్చిన పోస్టుమాన్ ఇదంతా చూసి, "ఈ వీధిలో నా ఉద్యోగానికి ఎసరు పెట్టావమ్మా" అన్నాడు.

అయితే నా పని పగలే. సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చాక అసలు కచేరీ మొదలయ్యేది. అమ్మ బూట్లు విప్పకముందే అత్త వచ్చి పక్కన కూర్చునేది. "చూడమ్మాయ్, నీ మొగుడి వరస. నువ్వైనా చెప్పకూడదూ?" అత్త లేచి వెళ్ళగానే నాన్న వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు గానీ, అమ్మ ఏమంటుందా అని నిలబడేవాడు. మధ్యలో నేను దూరి అత్తదే న్యాయమని తీర్పు చెప్పేదాన్ని. అమ్మ మా ముగ్గురి వైపూ చూసి ఒకే మాట అనేది.

"నాకు ఏదైనా ఒకటే."

ఒకరోజు సెమినార్ రూలు ఇంట్లో పెడదామని బుద్ధి పుట్టింది. ఇద్దరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాను. "నాన్నా, అత్త ఎందుకు మారదామంటోందో నువ్వు చెప్పు. అత్త అదే అంటే నీ వంతు."

నాన్న కంచంలో వేలితో గీతలు గీశాడు. "అక్కకి గొప్పలకి పోవాలని."

"కాదు" అంది అత్త.

"పెద్దదాన్ని కాబట్టి నా మాటే నెగ్గాలని."

"ఆ సంగతి ఎలాగూ ఉంది. కానీ కాదు."

"అయితే నాకు తెలీదు" అని నాన్న కంచం తీసుకుని కిందికి దిగిపోయాడు. అత్త వంతు వచ్చేసరికి అత్త, "వాడికి బద్ధకం" అని ఒక్క మాటలో తేల్చేసింది. కింద నుంచి నాన్న "కాదు" అని అరిచాడు. అన్ని వారాల్లో వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్నది ఆ ఒక్క పూటే. అది కూడా ఒక మెట్టే కదా అని నేను సంబరపడ్డాను. ఓనరు పెట్టిన గడువు దగ్గరపడుతోందన్నది మాత్రం మా అందరి గుండెల మీదా రాయిలా ఉంది. అత్త తన ట్రంకుపెట్టె దుమ్ము దులపడం నేను చూశాను. చూడనట్టు పక్కకి వచ్చేసి కాసేపు ఏడ్చాను.

సెమినార్ చివరికొచ్చింది. ఆ సెమినార్‌కి ఒక ఆచారం ఉందని, ఏటా అలాగే చేస్తారని మేడం అప్పుడు చెప్పారు. ప్రతి ఒక్కరూ తమకి ఏమాత్రం పడని వాదం ఒకటి ఎంచుకోవాలి. పుస్తకాల్లోది కాదు, మనకి తెలిసిన మనిషిది. ఆ వాదాన్ని పేపరుగా రాయాలి. చివరిరోజు ఆ మనిషిని తీసుకొచ్చి, ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టి, చదివి వినిపించాలి. వాళ్ళు 'అదే నేనన్నది' అనాలి.

"అనకపోతే?" అని అడిగాడు సందేహం.

"అనకపోతే ఆ మనిషి నీకింకా తెలియదనే కదా" అన్నారు మేడం.

నేను ఎవరిని ఎంచుకున్నానో చెప్పక్కర్లేదు. నాన్న పిండి కలుపుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నాన్నా, నిజం చెప్పు. ఎందుకు వద్దంటున్నావు?"

నాన్న పిండిని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఈ పొయ్యి మీ తాతయ్య కట్టాడే" అన్నాడు.

అంతే. నా బుర్రలో మెరుపు మెరిసింది. తాతయ్య, పొయ్యి, మాట, బావి! నాన్న ఇంకేదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు గానీ, అప్పటికే నేను మెట్లెక్కేస్తున్నాను. రాత్రింబవళ్ళు రాశాను. మృతులకిచ్చిన మాటకి కాలదోషం లేదన్నాను. పొయ్యిలో నిప్పుని తండ్రి నోటి మాటతో పోల్చాను. రాసింది చదువుకుని నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇది విన్నాక అత్త కూడా మనసు మార్చుకుంటుందేమోనని భయం కూడా వేసింది.

చివరిరోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అత్త బన్నుల ట్రే ఎత్తుకుంది.

"నువ్వెందుకత్తా?"

"ఒట్టి చేతులతో వెళ్తారుటే ఎవరైనా? మీ నాన్నతో రావట్లేదు నేను, బన్నులతో వస్తున్నా" అంది. వీధికి ఆ పక్కన నాన్న, ఈ పక్కన అత్త, మధ్యలో సైకిళ్ళు తప్పించుకుంటూ నేను. అలా కాలేజీ చేరాం.

గది నిండా చుట్టాలూ స్నేహితులూ. ప్రతి మాటకీ ముందు పెద్ద ఉపోద్ఘాతం ఇచ్చే అమ్మాయిని మేం ముందుమాట అనేవాళ్ళం. తను వాళ్ళ అమ్మమ్మని తీసుకొచ్చింది. ముందుమాట ఇంకా గొంతు సవరించుకుంటుండగానే అమ్మమ్మ, "అదే నేనన్నది. ఇక కూర్చో తల్లీ, కాళ్ళు నొప్పి పుడతాయి" అంది. అది చెల్లదని మేడం ఎంత చెప్పినా వినలేదు. సందేహం తన హాస్టల్ గదిలో ఉండే అబ్బాయిని తెచ్చాడు. అతను లైటు ఆర్పకుండా పడుకునే రకం. అతను ఎందుకు ఆర్పడో సందేహం ఎంత ఓపిగ్గా చెప్పాడంటే, అతను "అదే" అన్నాక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని కూర్చున్నారు. నాకు ఈర్ష్య పుట్టింది.

నా వంతు వచ్చింది. నాన్న బల్ల దగ్గర చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్త దూరంగా కిటికీ పక్క, శిక్ష కుర్చీలో కూర్చుంది. నేను చదివాను. బాగా చదివాను. ముందుమాట వాళ్ళ అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది.

మేడం నాన్న వైపు చూశారు. "ఏమంటారు?"

నాన్న ఇబ్బందిగా కదిలాడు. "చాలా బాగుందండీ" అన్నాడు. "కానీ అది కాదు."

గదిలో ఎవరో కుర్చీ జరుపుకున్నారు.

"నాన్నా, తాతయ్యకి మాటిచ్చావు కదా, పొయ్యి వదలనని."

"లేదే. ఆయనే అంటుండేవాడు, ఎప్పటికైనా ఈ ఇరుకు కొట్టు వదిలి బాగుపడండిరా అని."

అందరూ గొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. "మరి కొత్తచోట వ్యాపారం సాగదని భయమా?"

"కాదు."

"అలవాటైన చోటు కాబట్టా?"

"కాదమ్మా. పోనీలే, వదిలెయ్" అని నాన్న లేవబోయాడు. అప్పుడు కిటికీ దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది.

"నువ్వాగవే. ఇందాకటి నుంచి చూస్తున్నా. ఒరేయ్, కూర్చో."

నాన్న కూర్చున్నాడు.

"ఆ కొత్త షాపులో పొయ్యి వెనకగదిలో ఉంటుంది. మధ్యలో గోడ. తెల్లారకముందు నుంచీ నువ్వక్కడ ఒక్కడివే ఉండాలి. ఇక్కడైతే నేను కౌంటర్లో ఎవరితో ఏం వాగినా నీకు వినపడుతుంది. నువ్వు నోరు విప్పకపోయినా నలుగురిలో ఉన్నట్టే ఉంటుంది. అక్కడ అది ఉండదు." అత్త ఆగింది. ఆ ముక్క ఆమెకి కూడా అప్పుడే తట్టినట్టుంది. "అంతేనా?"

నాన్న బల్ల మీదున్న ట్రేలోని బన్నుల వైపు చూశాడు.

"అదే" అన్నాడు.

మేడం ఇంకా మెల్లగా అన్నారు, "ఇప్పుడు మీరు అభ్యంతరం చెప్పొచ్చు."

"అభ్యంతరం ఏముందండీ. గోడ కొట్టించేస్తే సరి" అంది అత్త.

"ఓనరు ఒప్పుకోవద్దూ?" అన్నాడు నాన్న. అత్తతోనే అన్నాడు, నాతో కాదు.

"ఒప్పుకోకపోతే దీన్ని పంపుదాం. గోడతోనే వాదిస్తుంది, ఓనరెంత."

మేడం నవ్వకుండా, "రూలు రెండు వైపులా ఉందండీ" అన్నారు నాన్నతో. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అంతమందిలో అన్ని మాటలు మాట్లాడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

"అక్కకి... మన కొట్లో కుర్చీ పట్టదు. వచ్చినవాళ్ళు కొనుక్కుని పోతారు. నువ్వు ఏదో కబురు మొదలుపెడతావు, అది సగంలో ఉండగానే పొట్లం అందుకుని వెళ్ళిపోతారు. నీకు వాళ్ళని కూర్చోబెట్టి చివరిదాకా చెప్పాలని. ఒక బల్ల వేసుకోవాలని. ఇలాంటిదే." అరచేత్తో మా సెమినార్ బల్లని తట్టాడు.

అత్త లేచి బల్ల దగ్గరికి వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, ట్రే ముందుకి తోసి, "అదే గానీ, బన్నులు చల్లారిపోతున్నాయి, తినండి" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఇద్దరూ వీధికి ఒకే పక్కన నడిచారు. ఓనరు గురించీ, పొయ్యి ఎటువైపు కట్టాలన్న దాని గురించీ పోట్లాడుకుంటూ నడిచారు. వెనక నేను ఖాళీ ట్రే పట్టుకుని వెళ్ళాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

ఓడిపోయాను కాబట్టి మార్కులు మాత్రం ఆగాయి. "పేపరు బాగుంది. అందులో ఉన్న మనిషే మాకు కనపడలేదు" అన్నారు మేడం. "ఇంకొకరిని చూసుకో. రాయక్కర్లేదు. వాళ్ళు నిజంగా 'అదే' అన్న రోజు వచ్చి నాతో చెప్పు."

ఓనరు దగ్గరికి నన్నే పంపారు. నేను ముందు ఆయన భయాలన్నీ ఆయనకే వరసగా చెప్పబోయాను. ఆయన మధ్యలోనే చేతులు జోడించి, కప్పు కూలకుండా ఎంత కావాలంటే అంత కొట్టుకోమన్నాడు. ఆయన అన్నది 'అదే' కాదు, 'సరే'. కాబట్టి లెక్కలోకి రాదు.

చలి తగ్గేసరికి కొత్త షాపు తెరిచాం. గోడ పోయింది. పొయ్యి దగ్గర నాన్న, ఎదురుగా కౌంటర్లో అత్త. ముందు భాగంలో పొడుగాటి బల్ల, చుట్టూ ఒకదానితో ఒకటి పోలిక లేని కుర్చీలు. అలాంటివే కావాలని అత్త పట్టుబట్టి పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి తెచ్చింది. మా సెమినార్ వాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. రైలుకి టైమున్న ఒక పెద్దాయన మా మధ్య ఇరుక్కుని, బావి కథ మొత్తం విని, తన అభిప్రాయం చెప్పి, రైలు పోగొట్టుకున్నాడు. అత్త ఆయనకి తన కథ కూడా మొదలుపెట్టింది. పొయ్యి దగ్గర నాన్న ఏదో విని, అటు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను.

సాయంత్రం అమ్మ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చింది. అమ్మని చూడగానే అత్త చేతిలో పని వదిలేసింది. "అమ్మాయ్, సమయానికి వచ్చావు. ఆ బల్ల కిటికీ పక్కకి జరపాలా వద్దా, నువ్వు చెప్పు." నాన్న ట్రే పట్టుకునే వచ్చి నిలబడ్డాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ కూడా తీర్పు కోసం చూశారు.

"నాకు ఏదైనా ఒకటే" అంది అమ్మ.

ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. నాకప్పుడు మొదటిసారి వినపడింది.

"అత్తా, ఉండు. అమ్మ మాట నేను చెప్తా" అన్నాను. "అమ్మకి ఏదైనా ఒకటే అంటే, ఏదైనా ఫరవాలేదని కాదు. రోజంతా ఎవరికెక్కడ నొప్పో వినీ వినీ వస్తుంది. వచ్చేసరికి మనమందరం ఒకచోట ఉండాలి, అది కావాలి. కానీ ఎవరూ తన దగ్గరికి తగవు తేకూడదు. బూట్లు విప్పుకుని, ఒక బన్ను తిని, కాసేపు ఎవరి మాటా వినకుండా కూర్చోవాలి. మన ఇంట్లో అయినా, ఈ షాపులో అయినా."

అమ్మ నా వైపు చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక బూటు విప్పింది, రెండోది విప్పింది, ట్రేలోంచి వేడి బన్ను ఒకటి తీసుకుంది.

"అదే" అంది. "ఇప్పుడు నోరు మూసుకుని పక్కకి జరుగు, కాళ్ళు చాపుకోవాలి."